నమలలేని మాంసం

ఆ ఉదయం మార్యున్ అక్క కుడి కన్ను పూర్తిగా పోయింది. పొయ్యి మీంచి పాలగిన్నె దించుతూ, "ఈ పక్కన తెరెవరు కట్టారు?" అంది. ఎవరూ కట్టలేదు.

వారం కిందట చూపు మసకబారితే, అప్పుడప్పుడూ పడవలో వచ్చిపోయే డాక్టరు శుక్లమని చెప్పి ఆపరేషను వరుసలో పేరు రాశాడు. తలనొప్పంటే ఉన్నిటోపీ బిగుతన్నాం. దవడ లాగేస్తోందంటే హానుస్ బావ నవ్వాడు.

"ఈ ఏడు కోసిన పొట్టేలు ముసలిది. నువ్వు దానికంటే ముసలిదానివి!"

ఫారో దీవుల్లో మాది కొసన ఉన్న దీవి. గాలికొట్టంలో నెలల తరబడి ఆరిన మాంసం దవడ నొప్పెట్టకపోతే మాకు తిన్నట్టే ఉండదు. కళ్లు చూడ్డానికొచ్చిన డాక్టరుకి తిండి సంగతెందుకని దవడ మాట ఎవరమూ చెప్పలేదు.

మధ్యాహ్నం ఎడమ కన్ను కూడా కాసేపు చీకటై తిరిగొచ్చింది. బయట పొగమంచు. హెలికాప్టరు రాదు, పడవా కదలదు. బావ రాజధాని తోర్షావన్‌లోని కంటి డాక్టరమ్మకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి అరిచాడు.

"అరవకండి పెద్దాయనా. తల దువ్వితే నొప్పంటోందా?"

"దువ్వెన ముట్టనివ్వట్లేదు."

"నమిలితే?"

"మాంసం గట్టిదమ్మా, అందుకని..."

"రొట్టె నమిలినా?"

బావ అక్క వైపు చూశాడు.

"రొట్టె కూడా పాలలో నానేసుకుంటున్నా," అంది అక్క. "చెబితే నవ్వుతావుగా."

డాక్టరమ్మ గొంతు మారింది. "శుక్లం కాదిది. కంటి నరానికి రక్తం తెచ్చే నాళాలు వాచినట్టున్నాయి. పోయిన కన్ను రాదు. రెండోది దక్కాలంటే మందు ఇప్పుడే పడాలి, పరీక్షలు తర్వాత. అక్కడ ఎవరి దగ్గరైనా స్టెరాయిడ్ మాత్రలున్నాయా?"

నా ఉబ్బసానికి వాడేవి ఉన్నాయి. చెప్పులు కూడా వేసుకోకుండా పక్కనే ఉన్న మా ఇంటికి పరుగెత్తి తెచ్చాను. పేరు, బలం చదివి వినిపిస్తే ఎన్ని వేయాలో ఆమె చెప్పింది. గుప్పెడయ్యాయి.

"ఇన్ని నేను మింగితే, మరి నీకో?"

"మాట్లాడకుండా మింగక్కా!"

తెల్లారి కిటికీ వైపు తిరిగి అక్క గొల్లుమంది. "ఏమయ్యా, అంతా తెల్లగా ఉంది. ఇదీ పోయింది!"

బావ కిటికీకి మొహం ఆనించాడు. ఎదురు కొండ లేదు, కంచె లేదు.

"మంచే! మంచేనే అది! ఇటు చూడు, నా చెయ్యి కనిపిస్తోందా?"

అక్క ఒంటికంటితో దగ్గరగా చూసింది. "వేలు తెగిందేం?"

"మాంసం సన్నగా తరిగాన్లే. నీకోసం."

సీసాలో ఆ పూటకి సరిపడా మాత్రలే మిగిలాయి. మంచు కదలలేదు.