భువనేశ్వర్ వెళ్ళని ఢిల్లీశ్వరరావు

మంగళవారం పొద్దున్న మేనేజరు కాశీవిశ్వనాథం పిలిచి చేతిలో కాగితం పెట్టేసరికి, ఎవరో తన మీద ఫిర్యాదు రాశారనుకున్నాడు ఢిల్లీశ్వరరావు. చదివాక గానీ సంగతి అర్థం కాలేదు. భువనేశ్వర్‌లో వాళ్ళ ఆసుపత్రికి నాలుగు డయాలిసిస్ కేంద్రాలున్నాయి. ఆ నాలుగింటి మీదా అతన్ని అధికారిగా వేశారు. పెద్ద జీతం, ఉండటానికి క్వార్టర్సు. వారంలోగా జవాబు చెప్పాలి.

"పదహారేళ్ళుగా ఈ బరంపురంలో సూదులు గుచ్చుకుంటూ ఉండిపోయావు. ఇకనైనా కుర్చీలో కూర్చోవయ్యా," అన్నాడు కాశీవిశ్వనాథం. ఆ మాటలో నిజమైన సంతోషమే ఉంది.

కిడ్నీలు పాడైనవాళ్ళ రక్తాన్ని మెషీను గుండా పంపి, శుభ్రం చేసి, మళ్ళీ ఒంట్లోకి ఎక్కించడం ఢిల్లీశ్వరరావు పని. ఒక్కొక్కరికి నాలుగు గంటలు పడుతుంది. వారానికి రెండు మూడుసార్లు రాక తప్పదు. ఈ పదహారేళ్ళలో అతను ఆదివారం పూట ఇంటిపట్టున ఉన్నది బహు తక్కువ. ఫోను మోగితే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. తను లేకపోతే ఆ గది నడవదని అతని గట్టి నమ్మకం.

ఆ నమ్మకానికి పెద్ద ఆధారం కాసమ్మ. గోపాల్‌పూర్‌లో చేపలమ్ముకునే మనిషి. అయిదేళ్ళుగా సోమ, గురు, శనివారాల్లో బస్సెక్కి వస్తోంది. ఆమె చేతిలో సూది దించాల్సిన నరం లోతుగా ఉంటుంది, మోచేతి దగ్గర మెలితిరిగి మరీ ఉంటుంది. ఒకసారి ఎవరో కొత్తవాడు తప్పుగా గుచ్చితే చెయ్యంతా వాచి వంకాయ రంగుకి తిరిగింది. అప్పటినుంచి ఢిల్లీశ్వరరావు తప్ప ఇంకెవరు దగ్గరకొచ్చినా చెయ్యి కొంగులో దాచేసుకునేది.

గురువారం నాడు చెయ్యి చాపుతూనే అడిగింది.

"ఎలిపోతన్నావటగా బాబూ?"

"ఎవులు సెప్పినారప్పా?"

"ఎవులు సెప్తేనేటి? నిజవా, కాదా?"

"ఇంకా ఏటీ అనుకోనేదు," అన్నాడతను, ఆమె నరంలో జుమ్మని పారే రక్తాన్ని వేళ్ళతో తడుముతూ.

ఇంట్లో భార్య అరుణ అప్పటికే భువనేశ్వర్‌లో ఉన్న చెల్లెలికి ఫోను చేసింది. కూతురు లక్ష్మీదుర్గ వచ్చే ఏడు కాలేజీలో చేరాలి. అక్కడైతే మంచి కాలేజీలున్నాయి.

"నానెలిపోతే ఈల గతేటి అరుణా? కాసమ్మని ఎవులు ముట్టుకుంటారు?" అన్నాడు ఢిల్లీశ్వరరావు.

ఏళ్ళ తరబడి వింటున్న మాటే కాబట్టి అరుణ వాదించలేదు. "ఓసారి ఎల్లి సూసి రండి. సూడకుండా ఒద్దనకండి," అంది.

శనివారం తెల్లారకముందే రైలెక్కి వెళ్ళాడు. అక్కడివాళ్ళు మర్యాదస్తులు. అద్దాల గది చూపించారు, తిప్పుకునే కుర్చీలో కూర్చోబెట్టారు. ఎదురుగా పెద్ద తెర. ఏ కేంద్రంలో ఏ మెషీను ఆగింది, ఎవరు సెలవు పెట్టారు, ఎవరి బదులు ఎవరిని పంపాలి, అన్నీ అందులోనే కనిపిస్తాయి. మధ్యాహ్నం టీ తాగుతుండగా అద్దం అవతల మెషీనొకటి గట్టిగా కూత పెట్టింది. ఢిల్లీశ్వరరావు గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి సార్, అది చూసుకోడానికి వాళ్ళున్నారు," అన్నాడు పక్కనున్నాయన ఒడియాలో, నవ్వుతూ.

కూర్చున్నాడు. ఒకమ్మాయి వచ్చి ఏదో నొక్కితే కూత ఆగింది. ఆమె వెళ్ళిపోయింది. మంచం మీది ముసలాయన మాత్రం భయం భయంగా మెషీను వంకే చూస్తూ ఉండిపోయాడు. ఆ కూత ఎందుకొచ్చిందో ఆయనకెవరూ చెప్పలేదు. సాయంత్రం తిరుగు రైలెక్కేదాకా ఢిల్లీశ్వరరావు ఒక్క మనిషి చెయ్యి కూడా పట్టుకోలేదు.

సోమవారం ఆసుపత్రిలో అడుగు పెట్టగానే రేష్మ ఎదురొచ్చింది. రెండేళ్ళుగా అతని దగ్గర పని నేర్చుకుంటున్న టెక్నీషియను. మొహం వెలిగిపోతోంది.

"సార్, శనివారం కాసమ్మగారికి నేనే పెట్టినాను. రెండు సూదులూ ఒక్కసారికే పడ్డాయి!"

ఢిల్లీశ్వరరావు గబగబా కాసమ్మ మంచం దగ్గరకెళ్ళాడు. "నిజవేనా అప్పా?"

"నిజవే బాబూ. భయవేసి కళ్ళు మూసీసుకున్నాను. తెరిసేసరికి అయిపోనాది. అచ్చం నీలాగే తడిమి తడిమి సూసింది పిల్ల." ఆమె అతని చేతిమీద చెయ్యి వేసింది. "ఎలిపో బాబూ. మా కోసవని ఆగిపోకు. నీకూ ఓ ఆడపిల్లుంది."

నవ్వి తలూపాడు గానీ ఇన్నాళ్ళూ పట్టుకు వేలాడిన కొమ్మ కాస్తా విరిగింది. సాయంత్రం ఇంటికొస్తూ దారిలో టీ కొట్టు ముందు స్కూటరు ఆపాడు. ఇక అడ్డేమీ లేదు, హాయిగా వెళ్ళొచ్చు అనుకున్నాడు. అనుకున్నాక చూసుకుంటే వెళ్ళాలనే లేదు. అతనికే ఆశ్చర్యం వేసింది.

ఇంటికి రాగానే చెప్పేశాడు.

"అరుణా, ఇన్నాళ్ళూ నీకు అబద్ధం సెప్పినాను. నాను నేకపోతే ఆ గది నడవదన్నాను. శుబ్బరంగా నడిసింది. ఆలకి నాను అక్కర్నేదు. నాకే ఆ పని కావాల. ఆ అద్దాల గదిలో ఒక్కరోజు కూకుంటేనే ఊపిరాడనేదు."

"మా సెల్లెలు ఇల్లు కూడా సూసింది. మేడ మీద పోర్షను. కిటికీ లోంచి మామిడి చెట్టు కనిపిస్తాదట," అంది అరుణ. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నం పెట్టింది గానీ మాట కలపలేదు.

మర్నాడు పొద్దున్న కాఫీ ఇస్తూ తనే మొదలెట్టింది.

"సరే, ఉండిపోదాం. దుర్గ హాస్టల్లో ఉండి సదూకుంటాది, నిన్న దాన్నడిగాను. గానీ ఒక మాట. మీరు నేకపోతే నడవదన్నారని ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నాను. నడుస్తాదని ఇప్పుడు మీరే సెప్పినారు. మరి ఆదివారాలు నాకు ఇచ్చీండి."

తనకి తానే దొరికిపోయినందుకు ఢిల్లీశ్వరరావుకి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి అరుణ కూడా మొహం తిప్పుకుని నవ్వింది.

ఆఫీసులో కాశీవిశ్వనాథం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు, తెలుసా?"

"తెలుసు సార్."

"పైవాళ్ళకి కారణం ఏం రాయను? ఇంట్లో ఇబ్బందులనా?"

"ఇబ్బందులేటీ నేవు సార్. ఈ పని ఇష్టవని రాయండి." కాస్త ఆగి అన్నాడు, "రేష్మని షిఫ్టు ఇన్‌ఛార్జిని సెయ్యండి. ఆదివారాలు ఆ అమ్మాయి సూసుకుంటాది."

కాశీవిశ్వనాథం గొణుక్కుంటూనే రాసుకున్నాడు. రెండు వారాల్లో రేష్మ పేర ఆర్డరు వచ్చింది. ఆమె ముందు వాళ్ళమ్మకి ఫోను చేసి ఏడ్చింది, తరవాత అందరికీ మిఠాయి పంచింది. కాసమ్మ మాత్రం "తెలివితక్కువ మనిషివి" అని ఢిల్లీశ్వరరావును నాలుగు రోజులు తిట్టింది. మొదటి ఆదివారం అతను పదిసార్లు ఫోను తీసి చూసుకున్నాడు. రెండో ఆదివారం అరుణతో సినిమాకెళ్ళి, సగంలో నిద్రపోయాడు.

ఆ తరవాతి సోమవారం పురుషోత్తంపూర్ నుంచి గంగన్న అనే రైతు వచ్చాడు. డయాలిసిస్ చేయించుకోవడం అదే మొదలు. మంచం మీద బిగుసుకుపోయి, చెయ్యి ఒంటికి అదుముకుని పడుకున్నాడు. ఢిల్లీశ్వరరావు స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"ఈ ఏడు సేన్లో ఏటేసినారు బాబాయ్?"

"మిరప," అన్నాడు గంగన్న పొడిగా.

"మొన్నటి వానకి నారు నిలబడిందా?"

గంగన్న ఒక్క క్షణం అతని వంక చూశాడు. "ఏటి నిలబడతాది! ఆ పల్లపు మడి మొత్తం..." అంటూ మొదలెట్టాడు. అతని చెయ్యి మెల్లగా సడలి మంచం అంచుకి చేరింది. ఢిల్లీశ్వరరావు వింటూ, అడుగుతూ, నరం మీద వేళ్ళు ఆనించాడు. రెండో సూది కూడా దిగి మెషీను తిరగడం మొదలయ్యేసరికి గంగన్న ఇంకా పల్లపు మడిలోంచి నీళ్ళు తోడుతూనే ఉన్నాడు.