కుంటాల నిండే నెల

ఏప్రిల్ అయితే పూలు, జనవరి అయితే మంచు, రెండింటిలో ఏదో ఒకటి సాయంత్రంలోగా చెప్పాలి, జహీర్ చేతిలో ఇప్పుడున్నది అంతే, కశ్మీరుకు ఇద్దరికి సీట్లు, ఎంచుకోవడానికి రెండు నెలలు, గోదాములో నెలాఖరులోగా ఖాళీ కావలసిన పంట టానిక్ పెట్టెలు, కరీంనగర్‌లో మొన్న రాత్రి దించి వచ్చిన దుకాణం షట్టర్, ఇక్కడ కాలి కింద తడిసి జారుతున్న మెట్టు, దాని కింద ఇంకో మెట్టు, అన్నిటికీ అడుగున ఎక్కడో చెట్ల చాటున కుంటాల జలపాతం, ఇంకా కనిపించడం లేదు కానీ ఆ హోరు జిన్నింగు మిల్లులో యంత్రాలన్నీ ఒక్కసారే నడుస్తున్నట్టుంది, ముందు భార్య ఖుర్షీద్ ఒక చేత్తో బుర్ఖా అంచు, ఇంకో చేత్తో కమ్మీ పట్టుకుని పక్కవాటుగా దిగుతోంది, చెయ్యి ఇస్తానంటే వద్దంది, నీ చెయ్యి ఫోన్‌కే సరిపోతది, జారితే నన్ను పట్టుకుంటవో దాన్ని పట్టుకుంటవో అంది, ఆ మాటకు వెనకాల దిగుతున్న కాలేజీ పిల్లలు నవ్వారు, జహీర్ ఫోన్ జేబులో పెట్టాడు, మూడు మెట్లు దిగి మళ్లీ తీశాడు, సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోతున్నాయి, సెప్టెంబర్ నెలలో పురుగుమందుల దుకాణం మూసి పెళ్లాన్ని జలపాతానికి తీసుకొచ్చిన వ్యాపారి ఈ జిల్లాల్లో ఇంకొకడు ఉంటాడా, ఉండడు, కశ్మీరు గురించి చెప్పమంటే ఆమె కుంటాల అంది, ఎప్పుడు పోదాం అంటే ఇప్పుడే అంది.

ఇప్పుడే, అంటే చేలన్నీ పూతమీద ఉన్నప్పుడు, పొద్దున షట్టర్ లేపేసరికి మెట్లమీద నలుగురు రైతులు పాలిథిన్ కవర్లలో ఆకులో కొమ్మలో పట్టుకుని కూర్చుని ఉండే ఈ నెలలో, భాయ్ జర చూడు, గిదేం రోగం అని ఆకు ముందు పెడతారు, అతను వెలుగుకు ఎత్తి పట్టి, వెనక్కి తిప్పి, గోటితో గీకి, వెనకనున్న అరలోంచి ఒక సీసా తీసి ఇస్తాడు, అంతే వ్యవహారం, చదువుకున్న డాక్టరుకు కూడా ఇంత నమ్మకంగా మనిషి చెయ్యి చాపడు, ఇలాంటి నెలలో దుకాణం మూయాలంటే ఎంత ధైర్యం కావాలి, అందుకే పెళ్లయినప్పటి నుంచి ఖుర్షీద్‌ను ఎక్కడికి తీసుకెళ్లినా మే నెలలోనే, అప్పుడు దుక్కులు తప్ప చేలల్లో ఏముండదు, అడిగే రైతు ఉండడు, మే నెలలో నాగపూర్ పోతే చెమట తప్ప ఏమీ చూడలేదు, మే నెలలో ఆమె పుట్టింటికి బోథ్ వచ్చినప్పుడల్లా ఇదే కుంటాలకు తెచ్చేవాడు, వట్టి నల్లరాళ్లు, రాళ్ల మధ్య బిందె ఒలికినట్టు ఓ సన్నని ధార, ఆ ధార ముందు ఇద్దరూ నిలబడి ఫోటో దిగేవాళ్లు, చిన్నప్పుడు మా బాపు ఎడ్లబండిల తెస్తుండె, గప్పుడు గీ రాళ్లు కనవడకపోతుండె అని ఆమె అనేది, ఇంట్లో ఉర్దూ మాట్లాడే మనిషి కుంటాల మాట వస్తే బోథ్ తెలుగులోకి దిగిపోయేది, అతను ఆ మాట వింటూనే కారు తాళం చెవి తిప్పుకుంటూ ఉండేవాడు, మిర్గం కార్తె వచ్చేలోపు విత్తనాల లోడు దించుకోవాలి అనుకుంటూ.

తను మాత్రం తిరిగాడు, అది లేదనడానికి లేదు, కంపెనీవాళ్లు టార్గెట్ దాటిన డీలర్లను తిప్పుతారు, బ్యాంకాక్ తిప్పారు, దుబాయ్ తిప్పారు, గోవా అయితే లెక్కే లేదు, అందరికీ కంపెనీ పేరున్న ఒకే రంగు టీషర్టు, ఒకే టోపీ, పొట్టలు ముందుకు పెట్టుకుని సముద్రం ముందు వరుసగా నిలబడితే బడిపిల్లల విహారయాత్రలా ఉండేది, ఒక్కొక్కరికి ఒక్క సీటే, ఆడవాళ్లకు లేదు, ఎందుకు లేదని అతను ఎప్పుడూ అడగనూ లేదు, వచ్చేటప్పుడు విమానాశ్రయంలో కొన్న చాక్లెట్ల డబ్బా ఖుర్షీద్ చేతిలో పెట్టి ఫోటోలు చూపించేవాడు, ఏనుగు పక్కన నిలబడ్డ ఫోటో చాలాసేపు చూసి, అజీ, ఏనుగుకే పరేషాన్ అయితున్నట్టుంది, తొందరగ పొమ్మంటున్నది నిన్ను అంది, నవ్వింది, ఆ నవ్వు అయిపోయాక డబ్బా మూత పెట్టి లోపలికి పోయిన తీరు అతనికి ఇన్నేళ్లయినా గుర్తుంది, ఎందుకు గుర్తుందో తెలియదు, ఆమె ఏమీ అనలేదు కదా, అనలేదు కాబట్టే గుర్తుందేమో, అందుకే మొన్న కంపెనీ హరీష్ వచ్చి ఈసారి జంటగా భాయ్, భాభీని కూడా తీసుకురా, కశ్మీర్, కానీ కొత్త టానిక్ మొత్తం నెలాఖరుకు రైతు ఇంటికి చేరాలె, గోదాంల కనవడొద్దు అన్నప్పుడు, జహీర్ ఆలోచించకుండా సరే అన్నాడు, చాయ్ కూడా తాగనివ్వకుండా అతన్ని పంపించి ఇంటికి పరుగెత్తాడు, మంచు చూపిస్త నీకు అన్నాడు, ఇన్నేళ్ల బాకీ ఒక్క దెబ్బతో తీరిపోతుందనుకున్నాడు, ఖుర్షీద్ చేపలు కడుగుతోంది, చెయ్యి తుడుచుకోకుండానే, మంచు మన ఫ్రిజ్‌ల సుత ఉన్నది, నాకు నిండిన కుంటాల చూపియ్యి ముందుగాల అంది, కశ్మీర్ తర్వాత పోదాం, నువ్వన్న నెలల పోదాం, గిది మాత్రం నేనన్న నెలల.

జాగ్రత్త, ఇక్కడ పాచి ఉంది, అతను దిగాడు, ఆమె ముందే దిగింది, ఈ మోకాళ్లతో ఎంత హుషారుగా దిగుతోంది, మందు లేకుండా, టానిక్ లేకుండా, ఛీ, ఎటు తిప్పినా బుద్ధి ఆ పెట్టెల దగ్గరికే పోతుంది, అహరోను దగ్గరికి పోతుంది, శనివారం సాయంత్రం అహరోను చొప్పదండి నుంచి వచ్చాడు, బాపు కాలం నుంచి తమ దుకాణానికే వచ్చే మనిషి, కవర్లో పత్తి కొమ్మ, ఆకులన్నీ తడిగుడ్డల్లా వాలిపోయి ఉన్నాయి, భాయ్, నిన్నటిదాక నిమ్మలంగ ఉన్న చేను పొద్దుగూకే వరకు గిట్లయింది, మా ఇంటామె ప్రేమమ్మ ఏడుస్తుంది, ఏమన్న ఉందా దీనికి అన్నాడు, ఉంది అన్నాడు జహీర్, రేపు పొద్దున రా, గోదాంల కొత్త మందున్నది, తీసి పెడ్త, పెట్టలేదు, ఆదివారం తెల్లవారకముందే కారెక్కాడు, జగిత్యాల దాటాక గుర్తొచ్చింది, ఫోన్ చేసి చెబుదామనుకున్నాడు, ఆర్మూర్‌లో చాయ్ తాగుతూ చేద్దామనుకున్నాడు, నిర్మల్ ఘాట్‌లో సిగ్నల్ లేదు, రాత్రి బోథ్‌లో బావమరిది ఇంట్లో బిర్యానీ తిన్నాక ఇప్పుడేం చేస్తాంలే అనుకున్నాడు, పాపం, ఆదివారం పూట చర్చి కూడా మానుకుని వచ్చి ఉంటాడు, మూసిన షట్టర్ చూసి ఏమనుకున్నాడో, రెండు రోజులంటే పత్తికి చిన్న విషయం కాదు, చేను పోయిందేమో, తను ఇక్కడ నీళ్లు చూడటానికి వచ్చినందుకు అక్కడ ఒకరి చేను పోయిందంటే ఆ పాపం ఎవరిది, అదే గుబులు, డ్యూటీ వదిలేసి వచ్చిన డాక్టరులాగా.

అంతేనా, గుబులు దానికేనా, మెట్లు అయిపోయాయి, ఒక్కసారి ఎదురుగా కుంటాల, రాళ్లు ఎక్కడా లేవు, ఆమె చెప్పిందే నిజం, తెల్లని నీళ్లు దొంతరలు దొంతరలుగా విరిగి పడుతున్నాయి, అడుగున పొగలా లేచి ముఖాలమీద చల్లగా అంటుకుంటోంది, ఖుర్షీద్ ముఖం మీది గుడ్డ వెనక్కి వేసి అలాగే నిలబడిపోయింది, కళ్లద్దాలమీద నీటి చుక్కలు, తుడుచుకోవడం లేదు, గట్టుమీద నిప్పుల మీద మక్కకంకులు కాల్చి అమ్ముతున్న గంగుబాయి, ఏ మాయీ, పహిలీసారి వచ్చినవా అని అరిచింది, హోరులో అరిస్తేనే వినపడుతుంది, ఎక్కడి పహిలీసారి, ఏడాదికోపాలి వస్తనే ఉన్న, ఎండకాలంల అని ఖుర్షీద్ అరిచింది, ఎండకాలం గిక్కడికి ఎవలొస్తరే, కోతులొస్తయి అంది గంగుబాయి, ఖుర్షీద్ జహీర్ వైపు వేలు చూపించి, గదే పెద్ద కోతి, నన్ను సుత ఎంటవెట్టుకొని తెస్తుండె అంది, గంగుబాయి నవ్వుతూ రెండు కంకులకు ఉప్పు, నిమ్మకాయ రుద్ది ఇచ్చింది, ఈ సేట్‌కు మసాలా ఎక్కువెయ్యాల్నా అంటే, వద్దు, ఆయనే అందరికి ఏస్తడు అంది ఖుర్షీద్, అందరూ నవ్వారు, జహీర్ కూడా నవ్వాడు, కంకి వేడిగా ఉంది, ఆ మాట అంతకంటే వేడిగా దిగింది, అందరికీ వేస్తాడు, అవును, వేస్తాడు, ఆ కొమ్మను కవర్లోంచి తీసినప్పుడే తెలుసు కదా తనకు, చేత్తో పట్టుకోగానే తెలిసింది, వానకు చేలో నీళ్లు నిలిచాయి, ఆ మీద ఎండ కాసింది, వేరుకు ఊపిరాడక చెట్టు వాలిపోయింది, నీళ్లు బయటికి పోతే చాలు, దానికి పురుగుమందు లేదు, టానిక్ లేదు, ఆ ముక్క నోటి చివరిదాకా వచ్చింది, చేనులో నీళ్లున్నయా అహరోనూ, కాల్వ తీయి అని, కానీ నోట్లోంచి వచ్చింది వేరే, కొత్త మందున్నది అని, అలా అనకపోతే రైతు ఏమీ ఇవ్వని దుకాణమని చిన్నబుచ్చుకుని పక్కదానికి పోతాడు, వాడు ఇంకా రెండు సీసాలు ఎక్కువ అంటగడతాడు, ఇది నిజమే, నూటికి నూరుపాళ్లు నిజం, ఇన్నేళ్లు ఈ నిజం కప్పుకునే కదా హాయిగా పడుకుంది, కానీ శనివారం ఆ మాట అన్నప్పుడు తన కళ్ల ముందు పక్క దుకాణం లేదు, మంచు ఉంది, మంచులో ఖుర్షీద్ ఉంది, బ్యాంకాక్ సముద్రం ముందు నిలబడ్డప్పుడు ఎవరి చేలమీద ఎన్ని డబ్బాలు ఊరికే కొట్టించాడో, ఎప్పుడైనా తలుచుకున్నాడా, తలుచుకోకుండా ఉండటానికే ఏనుగు దగ్గర నిలబడ్డాడేమో.

పైకి ఎక్కేటప్పుడు ఖుర్షీద్ చెయ్యి ఇచ్చింది, ఇప్పుడు ఆమెకు చెయ్యి కావలసి వచ్చింది, లేదా అతనికి కావాలని ఆమెకు తెలిసింది, కొన్ని మెట్లు ఎక్కడం, ఆగి ఊపిరి పీల్చుకోవడం, కోతి ఒకటి కంకి బెండు ఎత్తుకుపోయింది, సగం దూరంలో జేబులో ఫోన్ గుయ్‌మంది, సిగ్నల్ వచ్చింది, హరీష్ మెసేజ్, భాయ్ ఏప్రిలా జనవరియా, దాని కింద అహరోను నుంచి మిస్డ్ కాల్స్, చూస్తూ ఉండగానే మళ్లీ మోగింది, జహీర్‌కు చెయ్యి తడిసి తెర మీద వేలు జారింది, ఎత్తకుండా ఉంటే, అనుకున్నాడు, ఎత్తాడు, అహరోను గొంతులో కోపం లేదు, అందుకే భయమేసింది, భాయ్ మంచిగున్నవా, పానం బాగలేదా, నిన్న వస్తి, దుకాణం బందున్నది, రెండు గంటలు కూసున్న, ఖుర్షీద్ భాభీకి ఏమన్న అయిందేమో అనుకున్న, లేదు లేదు, బయటికొచ్చినం అన్నాడు జహీర్, చేను ఎట్లున్నది అహరోనూ, అడిగేటప్పుడు మెట్టు మీద కూర్చుండిపోయాడు, గదే చెప్పాలని చేస్తున్న భాయ్, పక్క దుకాణపోళ్లు పిలిచిండ్రు, నేను పోలే, జహీర్ భాయ్ చూడంది నేను మందు ముట్టనని చెప్పిన, ఉత్త చేతులతోనే ఇంటికి వచ్చిన, మోటర్ కాడికి పోయే తొవ్వంత నీళ్లున్నయని ప్రేమమ్మ అప్పటికే కోపంల గట్టు తెంపింది, నీళ్లన్ని కింది చెల్కల కొట్టుకపోయినయి, ఆ కింది చేను స్టీఫెన్‌ది, ఆయన లొల్లి పెట్టిండు గది వేరే సంగతి, కానీ పొద్దున చూస్తె చెట్లు లేస్తున్నయి భాయ్, ఆకు మీదికి లేస్తున్నది, దేవుడే చూసిండు, ఇప్పుడేం చెయ్యాలె, నువ్వు చెప్పిన మందు కొట్టాల్నా, ఎల్లుండి వచ్చి తీస్కపోనా, ఇవతల ఇంకా హోరు, పైమెట్టు మీద ఖుర్షీద్ వెనక్కి తిరిగి చూస్తోంది, ఎవలు అని కళ్లతో అడుగుతోంది, వద్దు అన్నాడు జహీర్, ఏంది భాయ్ వినవడలే, వద్దు అహరోనూ, ఏం కొట్టకు, దానికి మందు అవసరం లేదు, అంటుంటే గొంతు తనది కానట్టుంది, ఆ దుకాణంలో బాపు కూర్చున్నప్పటి నుంచి ఆ మాట ఎవరూ అన్నట్టు గుర్తులేదు, అట్లనా, అని అహరోను కొంచెం నిరాశగానే అన్నాడు, ఉత్త చేతుల్తో పోవాలంటే రైతుకు ఎప్పుడూ నిరాశే, సరే భాయ్, నువ్వన్నంక అంతే, భాభీకి సలాం చెప్పు, ఫోన్ పెట్టేశాడు.

ఖుర్షీద్ రెండు మెట్లు దిగివచ్చి పక్కన కూర్చుంది, ఎవలిదో చేను ఖరాబయిందా, నా కొరకు దుకాణం మూసినందుకేనా, నేనే తప్పు చేస్తినా ఈ నెలల తీస్కపొమ్మని, అని అడిగింది, ముఖంలో నీళ్లు ఇంకా ఆరలేదు, చేను మంచిగైంది అన్నాడు, మరెందుకు గట్లున్నవ్ అంది, అతను ఫోన్ జేబులో పెట్టాడు, రైతులకు తన అవసరం ఉందని సెప్టెంబర్‌లో షట్టర్ మూయలేదు, ఆమెకు నిండిన నీళ్లు చూపించలేదు, ఇన్నేళ్లలో రైతుల నుంచి ఎంత ఊరికే తీసుకున్నాడో, ఆమెకు ఎంత బాకీ పడ్డాడో తీరిగ్గా కూడుకోవాలి, అది ఈ మెట్ల మీద తేలే లెక్క కాదు, కానీ ఈ రెండు రోజుల లెక్క మాత్రం తేలిపోయింది, ఇది చిన్నది, ఇందులో అటూ ఇటూ తిప్పడానికి ఏమీ లేదు, అతను శనివారం ఇస్తానన్నది ఆదివారం ఇవ్వలేకపోయాడు, అందుకే చొప్పదండిలో ఒక చేను ఏ మందూ లేకుండా నీళ్లు వదిలించుకుని లేచి నిలబడింది, తను చేసిన మేలు అంటూ ఏమైనా ఉంటే అది తను అక్కడ లేకపోవడమే.