ఖాసింబీ పిల్లి తొక్కిన గడపలు

తెల్లారి మొదటి బెజవాడ బస్సు తిరువూరు సెంటర్లో ఆగిందంటే, టాపు మీదనించి దిగే మొదటి సామాను ఖాసింబీ తమలపాకుల గంప. దాన్ని కిందికి అందిస్తూ కండక్టరు రోజూ ఒకటే మాట అనేవాడు.

"నీ గంపకి టికెట్టు కొట్టాలి ఖాసింబీ."

"కొట్టు బాబూ, అది సీట్లో కూర్చున్న రోజున" అని ఆవిడా రోజూ ఒకటే జవాబు చెప్పేది.

అక్కణ్ణించి గంప నెత్తికెత్తుకుని వాగుకి పోయేది. ఇసకలో చెలమ తవ్వి, అందులో ఊరిన తియ్యనీళ్ళు ఆకు మీద చిలకరించి, తడి గోనెపట్టా కప్పి, అప్పుడు ఊళ్ళోకి బయల్దేరేది. ఊళ్ళో బావుల నీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళు తగిలితే మధ్యాహ్నానికల్లా ఆకు నల్లబడుతుందని ఆవిడకి అత్తగారు చెప్పింది. అత్తగారికి వాళ్ళ అత్తగారు చెప్పింది. మూడు తరాలుగా ఆ ఇంటి ఆకు వాగునీళ్ళు తప్ప వేరే నీళ్ళు ఎరగదు.

గంప వెనకాలే పిల్లి నడిచేది. పేరు మున్నీ. బూడిదరంగుది, ఎడమ చెవి కొంచెం చిరిగింది. ఖాసింబీ మొగుడు లాల్‌సాహెబ్ పోయిన నలభయ్యో రోజున, ఫాతెహాకి వచ్చినవాళ్ళందరూ తిని వెళ్ళిపోయాక, అది వచ్చి చాప మీద కూర్చుంది. మళ్ళీ వెళ్ళలేదు. అది అడుగు పెట్టిన చోటల్లా పసుపు ముద్ర పడేది. ముద్ర ఏడు రోజులుండేది, ఎనిమిదో రోజు పొద్దుటికి దానంతటదే పోయేది. ఈలోగా బిందెలకొద్దీ నీళ్ళు పోసి చీపురు అరిగేదాకా రుద్దినా పోయేది కాదు. ఆరేసిన దుప్పట్ల మీద నడిచిన రోజున ఎవరో ఒకరు తిట్టేవాళ్ళు గానీ, ఇల్లాళ్ళకి మాత్రం అది సుఖంగానే ఉండేది. గడపకి పసుపు రాసే పని తప్పిందిగా మరి. శుక్రవారం నాడు పిల్లి రాకపోతే, "ఏం ఖాసింబీ, మీ మున్నీకి మా గడప మీద కోపమొచ్చిందా?" అని అడిగినవాళ్ళూ ఉన్నారు.

ఆవిడ ఆకుకి అందరికన్నా పాత బేరం మామిడితోటల ఏడుకొండలుగారిది. పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఎదురుచూసేవాడు. కట్ట అందుకుని, ఒక్కో ఆకూ పంచెకి తుడుచుకుని, ఈనె తీసి, సున్నం రాసి నోట్లో పెట్టుకునేవాడు. ఊరెళ్ళినప్పుడు ఎవరైనా వేరే ఆకు ఇస్తే మర్యాదకి పుచ్చుకుని, సందు తిరిగాక ఊసేసేవాడు. ఆయన భార్య మాణిక్యమ్మగారు నవ్వేది. "నా వంటకైనా వంక పెడతాడు గానీ, నీ ఆకుని ఒక్కనాడు ఒక్కమాట అనలేదు" అనేది. ఆ మాట విన్న రోజున ఖాసింబీకి గంప బరువు తెలిసేది కాదు.

డెబ్బై మూడు ఎండాకాలంలో కలరా వచ్చింది. దేశదేశాలు తిరుగుతోందని ట్రాన్సిస్టర్లో చెబుతూనే ఉన్నారు గానీ, ట్రాన్సిస్టర్లో చెప్పేవన్నీ తిరువూరు దాకా వస్తాయని ఎవరనుకుంటారు? ముందు ఏడుకొండలుగారికి తగిలింది. పొద్దున విరేచనాలు మొదలయ్యాయి, సాయంత్రానికి కళ్ళు లోపలికి పోయాయి, మర్నాడు మనిషి లేడు. మూడు రోజుల్లో ఆయన ఇంటితో కలిపి ఆరిళ్ళలో మంచాలు పడ్డాయి.

విస్సన్నపేట నించి హెల్త్ ఇన్‌స్పెక్టర్ శౌరయ్య సూదుల పెట్టె సైకిల్‌కి కట్టుకుని వచ్చాడు. ఊరంతా పంచాయతీ ఆఫీసు వసారాలో చేరింది. ప్రెసిడెంటు ఆదిశేషయ్యకి అప్పటికే కంటిమీద కునుకు లేదు.

"ఇందులో తెలీందేముంది సార్? రోగమొచ్చిన గడపలు చూసి రండి, ఒక్కోదాని మీదా పసుపు అడుగులున్నాయి. ఆ పిల్లే మోసుకు తిరుగుతోంది."

"పిల్లి వల్ల కలరా వస్తుందని నేనెక్కడా చదవలేదండి" అన్నాడు శౌరయ్య. కాస్త ఆగి, "రాదని కూడా చదవలేదు" అన్నాడు. నిజాయితీ గల మనిషి. ఆ రెండో మాట మింగేసి ఉంటే ఖాసింబీకి ఎంతో మేలు జరిగేది.

"అయితే ఇంకేం? పట్టి గోనెసంచిలో కట్టి పాతిపెట్టిస్తాను" అన్నాడు ఆదిశేషయ్య.

"ఒక్క పూట ఆగండి. రేపు పొద్దున ఇల్లిల్లూ తిరిగి రాసుకుంటాను. అప్పుడు మీ ఇష్టం."

"రేపు మధ్యాహ్నం దాకా. అంతే."

మర్నాడు పొద్దున ఖాసింబీ బస్సు దగ్గర దింపుకున్న గంపకి ఎప్పట్లా వాగునీళ్ళు చల్లి తెచ్చి, సోడాకొట్టులో పెట్టి, పిల్లిని చంకనెత్తుకుని ఇన్‌స్పెక్టర్ వెంట నడిచింది. ఏ సందులో ఎవరుంటారో ఆవిడకి తెలిసినట్టు ఊళ్ళో ఇంకెవరికీ తెలీదు. శౌరయ్య నోటుబుక్కులో ఇంటిపేరు, అడుగులున్నదీ లేనిదీ, జబ్బున్నదీ లేనిదీ రాసుకుంటున్నాడు. ఏడుకొండలుగారి గడప దగ్గర ముద్రలు వెలిసిపోతున్నాయి. అరుగు ఖాళీగా ఉంది. ఖాసింబీ అటు చూడలేక తల తిప్పుకుంది.

ఆరిళ్ళూ అయ్యాయి. ఆరింటిలోనూ అడుగులున్నాయి. ఖాసింబీ చంకలో పిల్లిని ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

ఏడోది పంతులమ్మ సరోజినీదేవి ఇల్లు. గేటు నించి వంటింటి దాకా, నీళ్ళబిందె మూత మీదా, ఆవిడ రాసుకునే బల్ల మీదా, ఎక్కడ చూసినా పసుపే.

"మీకేమైనా ఒంట్లో బాగుండకపోవడం గట్రా?" అడిగాడు శౌరయ్య.

"నాకేం, రాయిలా ఉన్నాను. ఆ మున్నీ రోజూ నా పళ్ళెంలో పాలు తాగిపోతుంది. దాన్నే కడుక్కుని నేను అన్నం తింటాను. దానివల్ల వచ్చేదైతే ఊళ్ళో అందరికన్నా ముందు నేను పోవాలి కదండీ."

శౌరయ్య పెన్సిల్ ఆగిపోయింది. ఖాసింబీకి కొంచెం ఊపిరాడింది. ఈ ఇంట్లో పాలు తాగడానికి మున్నీ వస్తుంది గానీ, తను మాత్రం ఎప్పుడూ గంప దించలేదు. పంతులమ్మకి ఆకు పడదు.

అక్కడే ఉండగా కబురొచ్చింది, ఆదిశేషయ్య తల్లి నాగేశ్వరమ్మకి తెల్లారగట్ట నించి వాంతులు పట్టుకున్నాయని. ఇద్దరూ అటు పరిగెత్తారు. శౌరయ్య ముసలావిడకి సెలైన్ ఎక్కించి, చేతులు కడుక్కుని, ఆ తర్వాత గడప చూశాడు. పెరడు చూశాడు. గోడ చుట్టూ తిరిగి వచ్చాడు. ఒక్క పసుపు చుక్క లేదు. ఆ ఇంట్లో గేదెదూడంత కుక్క ఉంది, మున్నీ ఆ వీధి మలుపులోనే ఆగిపోతుంది.

"అక్కడ అడుగులున్నాయి, రోగం లేదు. ఇక్కడ రోగముంది, అడుగులు లేవు. ఇదేంటమ్మా?" అన్నాడు శౌరయ్య.

ఖాసింబీ ప్రహరీగోడ వైపు చూస్తోంది. కుక్కకి భయపడి రోజూ ఆ గోడ మీదనించే నాగేశ్వరమ్మకి కట్ట అందిస్తుంది. నిన్న కూడా అందించింది. ఆవిడ అక్కడే నిలబడి, రెండాకులు కొంగుకి తుడుచుకుని నోట్లో పెట్టుకుంది.

మున్నీ పడుకునేది తన పొట్ట మీద. తనకేం కాలేదు. తను ఆకు వెయ్యదు, వేస్తే గంపలో సరుకు మిగలదని లాల్‌సాహెబ్ పెళ్ళయిన కొత్తలోనే మాన్పించాడు. ఆరిళ్ళూ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఆరిళ్ళలోనూ వేస్తారు. పిల్లి తొక్కిన గడపలు కావవి, తను గంప దించిన గడపలు. ఈ ఏడు వాగు ఎండిపోయి, ఎప్పుడూ తవ్వే చోట నీరు పడక, వంపు దాటి కిందికి పోయి చెలమ తవ్వింది. ఆ వంపులోకే పొద్దున్నే జనం చెంబులు పట్టుకుని వెళ్తారు. కళ్ళారా చూసింది. అయినా నీళ్ళు తేటగా ఉన్నాయి కదా అనుకుంది.

అక్కడే గోడకి చేరగిలబడింది. అంటే ఏడుకొండలుగారిని...

ఆదిశేషయ్య లోపల్నించి వచ్చాడు. చేతిలో గోనెసంచి ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది.

"ఇటివ్వు ఖాసింబీ."

"అడుగులు మీ ఇంట్లో లేవు కదండీ" అన్నాడు శౌరయ్య.

"కుక్క నడిచి చెరిపేసిందేమో. పోనీ ఇంకేదో చెప్పండి. మా అమ్మకెందుకొచ్చిందో మీరు చెప్పండి, పిల్లిని వదిలేస్తాను. చెప్పగలరా?"

జవాబు ఉన్నది ఒక్క ఖాసింబీ దగ్గరే. నోరు విప్పకపోతే పిల్లి పోతుంది, సోడాకొట్టులో ఉన్న గంప సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది. విప్పితే రేపటి నించి తన పొయ్యిలో పిల్లి లేవదు. చంకలో ఉన్న పిల్లి మాత్రం నిక్షేపంగా నిద్రపోతోంది.

"పిల్లి కాదయ్యా, నేను" అంది ఖాసింబీ.

మొత్తం చెప్పింది. చెలమ సంగతి, వంపు సంగతి, గోడ మీదనించి ఇచ్చిన కట్ట సంగతి. చెబుతున్నంతసేపూ నేల చూపులే. ఆదిశేషయ్య గోనెసంచి గోడ మీద పడేసి, "మా అమ్మ నీ ఆకు తప్ప వేసేది కాదు" అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం గంపలో ఆకంతా తగలబెట్టారు. శౌరయ్య చెలమలో బ్లీచింగ్ పౌడర్ పోసి పూడ్పించాడు, ఊరందరికీ సూదులు వేశాడు. నాగేశ్వరమ్మ లేచి కూర్చుంది. కొత్తగా ఎవరికీ రాలేదు. ఖాసింబీని ఎవరూ ఒక్కమాట అనలేదు, ఒక్క కట్టా అడగలేదు. కండక్టరు టాపు మీదనించి ఖాళీ చేతులతో దిగాడు. ఆవిడ ఇంట్లోనే కూర్చుంది. వెళ్ళడానికి గంప లేదు కాబట్టి మున్నీ కూడా కూర్చుంది. ఎనిమిదో రోజుకి ఊళ్ళో ఒక్క గడప మీదా పసుపు లేదు, ఇల్లాళ్ళు మళ్ళీ గిన్నెలో పసుపు కలుపుకున్నారు.

బెజవాడలో అక్క ఖైరున్నీసా ఉంది. అక్కడికి పోదామని తొమ్మిదో రోజున ఖాసింబీ బట్టలు మూట కట్టుకుంది. మర్నాడు పొద్దున చూస్తే పిల్లి లేదు. దాన్ని వదిలి బస్సెక్కలేక, మూట ఒళ్ళో పెట్టుకుని గడపలో కూర్చుంది. రెండు బస్సులు వెళ్ళిపోయాయి.

పొద్దెక్కాక మున్నీ వచ్చింది. దాని వెనకాలే, నేల చూసుకుంటూ ఒక్కో అడుగూ పట్టుకుని, మాణిక్యమ్మగారు వచ్చింది. బొట్టు లేని ముఖం. ఖాసింబీ లేచి నిలబడింది గానీ, కళ్ళెత్తలేకపోయింది.

"ముప్పై ఏళ్ళు నీ దగ్గర ఆకు కొన్నాను, నీ ఇల్లెక్కడో తెలీదు. అడిగితే ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే మీ పిల్లి వచ్చి ఆయన అరుగు మీద కూర్చుంది. లేచి వెళ్తుంటే, ఇదిగో, దీని వెనకాలే వచ్చాను."

"నన్ను క్షమించండమ్మా అనే నోరు కూడా నాకు లేదు" అంది ఖాసింబీ. ఏడుపు ఆగలేదు.

మాణిక్యమ్మగారు ఊరుకోమనలేదు. తనూ కాసేపు కొంగు అడ్డం పెట్టుకుంది.

"రేపు ఆయన పెద్దకర్మ. ఆయనకి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టాలి. వేరేవాళ్ళ ఆకు పెడితే సందు తిరిగాక ఊసేస్తాడు. నీకు తెలుసుగా. రేపు మొదటి బస్సుకి తెప్పించు."

"వాగు జోలికి నేనింక పోనండి. బావినీళ్ళు కాచి చల్లాలి. ఆకు నల్లబడుతుంది. నల్ల ఆకు ఆయన ముట్టరు."

"ఈసారికి ముడతాడులే" అంది మాణిక్యమ్మగారు.

ఆవిడ వెళ్ళాక ఖాసింబీ మూట విప్పి బట్టలు దండెం మీద వేసింది. కండక్టరుకి చెప్పిరావడానికి సెంటరుకి బయల్దేరింది. మున్నీ లేచి ఒళ్ళు విరుచుకుని వెనకాలే నడిచింది.