ఆ ఇంటి నెత్తురు

మా ఆయన మారప్ప కాలేయ క్యాన్సరుతో తొంభై ఎనిమిదిలో పోయాడు. మూడేళ్లకు ఆయన చెల్లెలు చిన్నమ్మ పెనుకొండలో అదే రోగంతో పోయింది. ఆమె కూతురు పవిత్రను మా హరీష్‌కు చేసుకోవాలని పిల్లలు పుట్టినప్పటి నుంచీ అనుకున్న మాట. నేను వద్దన్నాను. అన్నాచెల్లెళ్లను తిన్న రోగం రెండు వైపులా కలిస్తే మనవళ్లు బతకరని భయపడ్డాను. అంతటితో ఊరుకోవలసింది. పవిత్రను తన కొడుక్కు చూసిన యల్లక్క పెనుకొండ నుంచి ధర్మవరం వచ్చి అడిగితే, "ఆ ఇంటి నెత్తురులోనే ఉండాదమ్మా" అన్నాను. ఆ సంబంధం తప్పింది. తర్వాత వచ్చినవీ నిలవలేదు.

రెండువేల ఏడులో మా కోడలు నీళ్లోసుకుంది. బయటి పిల్లను తెచ్చుకున్నా, హరీష్‌లో ఉన్నది వాళ్ల నాయన నెత్తురే కదా అని దిగులు పట్టుకుంది. పవిత్ర హిందూపురంలో గది తీసుకుని, రోజూ రైల్లో బెంగళూరు పోయి ఎమ్మెస్సీ చదువుతోంది. ఈ రోగం మీదే కంప్యూటరులో వెతుకుతోందని విని, యాభై దాటాక నేర్చుకున్న అక్షరాలతో కార్డు రాశాను. రమ్మంది. హిందూపురం పోయి ఆ గది తలుపు తట్టాను.

"ఏంది అత్తా, ఆరేండ్లకు దోవ కనపడిందా? భయం లేకుంటే నీళ్లు తాగు, నా చేతివే."

తాగాను. కంప్యూటరు నిండా ఎర్రగళ్లు, పచ్చగళ్లు.

"ఇదేందే, చీర బుటాకు గీసే గ్రాఫు మాదిరుండాది?"

నవ్వింది. "ఒక్కో గడి ఒక్కో జీను. ఎర్రది ఎక్కువ పని చేస్తాంది, పచ్చది తక్కువ. ఈ పక్క గడ్డలో ముక్క, ఆ పక్క బాగుండే ముక్క. రెండూ ఒకే మనిషి కాలేయంలోవి. పుట్టుకతో వచ్చిన తేడా అయితే రెండిట్లోనూ ఉండల్ల కదా? ఇవి గడ్డలోనే దారి తప్పినాయి. వేల జీన్లు జల్లిస్తే పదకొండు మిగిలినాయి నాకు."

"మరి మీ అమ్మకూ, మీ మామకూ?"

"కామెర్ల వైరస్సు. అమ్మ రిపోర్టులో ఉండాది. కాన్పులో అవ్వ నుంచి ఇద్దరికీ వచ్చుంటాది. నేను పరీక్ష చేయించుకున్నా, లేదు. హరీష్ బావకూ, కడుపుతో ఉండే అక్కకూ చేయించు. బిడ్డకు పుట్టిన రోజే సూది వేయించు."

"ఇది నీకెప్పుడు తెలిసింది?"

"రెండేండ్లాయ."

"నాకు చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు కదా అత్తా."

తిరుగు రైల్లో పెనుకొండలో దిగాను. యల్లక్క అరుగు మీద చెనక్కాయలు ఒలుస్తోంది.

"యల్లక్కా, నేనానాడు అన్నది తప్పు. పవిత్ర నెత్తురులో ఏ రోగమూ లేదు. పరీక్ష కూడా చేయించుకుంది."

ఆమె చేతులు ఆగాయి. "పరీక్ష చేయించుకుందా? ఏమీ లేనోళ్లు పరీక్షకు ఎందుకు పోతారమ్మా?"

"అట్ల కాదు..."

"మేనకోడలు కదా, నువ్వు కప్పిపుచ్చుకోవల్లలే." పక్కింటి వైపు మెడ తిప్పింది. "ఏమే, ఇది విన్యావా?"

ఇంకో మాట అంటే దానికి ఇంకేం తగిలిస్తారోనని నోరు మూసుకుని స్టేషను దారి పట్టాను.