నాలుగు రోజుల సెలవు

రొట్టెల పిండి కలిపి, పెద్ద గిన్నెలో పెట్టి, పైన తడిగుడ్డ కప్పాను. పొద్దున్న లేచినవాళ్ళు ఓవెన్‌లో పెట్టుకుంటే చాలు. సెలవు మీద ఇంటికి వెళ్తున్న మనిషి చెయ్యాల్సిన పని కాదది. ఎవరూ చెయ్యమనలేదు కూడా. చేతులకి అలవాటు, అంతే. గడప దాటే ముందు వెనకున్నవాళ్ళ కడుపుకి ఏదో ఒకటి అమర్చకపోతే అవి ఊరుకోవు.

బయట ఎండ కాస్తోంది. అందరూ కిటికీలకి నల్లగుడ్డలు బిగించుకుని నిద్రపోయే వేళ. సూర్యుడికి ఆ సంగతి పట్టదు. ఉత్తరధ్రువం దగ్గరి ఈ స్వాల్‌బార్డ్ దీవుల్లో వేసవంతా ఇంతే. మంచునదుల మీద పరిశోధన చేసేవాళ్ళుండే ఈ చిన్న స్టేషన్‌లో నేను వంటమనిషిని. యాభై రెండేళ్ళ వయసులో నాకు దొరికిన మొదటి ఉద్యోగం.

స్టేషన్ పెద్ద తొరాల్ఫ్ మేజోళ్ళ కాళ్ళతో వంటింట్లోకి వచ్చాడు. నన్ను పడవ ఎక్కించడానికి నిద్ర ఆపుకుని కూర్చున్నాడట. దగ్గరికి తీసుకుని వీపు తట్టి, “అన్నిటికీ థాంక్స్ యోరున్. ఇంత బాగా ఎప్పుడూ తినలేదు మేం” అన్నాడు. గొంతు కాస్త బొంగురుపోయింది. నాలుగు రోజుల సెలవుకి ఇంత వీడ్కోలెందుకో నాకు అర్థం కాలేదు. నిద్రమత్తు అనుకున్నాను.

మా అత్తగారి ఎనభయ్యో పుట్టినరోజు. నలభై మంది చుట్టాలు వస్తారు. వారం కిందట మా ఆయన ఐవిండ్ ఫోన్ చేసి, “అమ్మ పండగకి నువ్వు లేకపోతే ఎలా యోరున్? నీ చేత్తో పెట్టకపోతే ఆవిడకి తిన్నట్టే ఉండదు” అన్నాడు. ఇరవై ఏడేళ్ళుగా వింటున్న గొంతే. అయినా ‘నువ్వు లేకపోతే ఎలా’ అన్న మాటకి నా మనసు కరిగింది. ఫోన్ పెట్టేసిన తర్వాత ఆ మాటని ఒకటికి రెండుసార్లు నాలో నేనే అనుకున్నాను. సిగ్గుపడే విషయమే, కానీ నిజం.

ఈ ఉద్యోగానికి బయలుదేరినప్పుడు అతను అన్న మాటలు వేరు. “ధ్రువం దాకా పోయి ఎవరెవరికో ఉడకేసి పెడతావా? ఇక్కడ మాకు నోళ్ళు లేవా?” అన్నాడు. అత్తగారు అల్లిక సూదుల మీద నుంచి తల ఎత్తకుండానే, “మా రోజుల్లో చలికి భయపడి పారిపోయేవాళ్ళం. ఈవిడ చలిలోకే పారిపోతోంది” అంది. ఆవిడ మాటలెప్పుడూ అంతే, ఉప్పు తగిలిన గాయంలా చురుక్కుమంటాయి. ఇంటి పాడి ఆవుల పాలు నేను పితికాను, వాటికి పురుడు పోశాను, గడ్డి మోశాను, ముగ్గురు పిల్లల్ని పెంచాను, మామగారు మంచాన పడితే రెండేళ్ళు ఎత్తి దించాను. “యోరున్‌కేం, ఇంట్లోనే ఉంటుంది” అనేవాడు ఐవిండ్, ఎవరైనా నేనేం చేస్తానని అడిగితే. ఇంట్లో విందు జరిగినప్పుడు మాలో ఒక ఆచారం ఉంది. చివర్లో మగవాళ్ళెవరో గ్లాసు మీద చెంచాతో కొట్టి, లేచి, భోజనం పెట్టినందుకు కృతజ్ఞతలు చెబుతూ ఉపన్యాసమిస్తారు. ఇన్నేళ్ళలో ఆ ఉపన్యాసం ఒక్కటైనా నేను పూర్తిగా వినలేదు. అప్పటికి నేను వంటింట్లో పళ్ళేలు కడుగుతుంటాను. కుళాయి చప్పుడులోంచి నా పేరు, తర్వాత నవ్వులు వినపడేవి. ఒకసారి మాత్రం తలుపు తీసి ఉండటంతో ఐవిండ్ మాట స్పష్టంగా వినిపించింది. “మా యోరున్ కూర్చోగా చూసినవాళ్ళెవరైనా ఉన్నారా ఇక్కడ?” అందరూ చప్పట్లు కొట్టారు. అది నాకు ఇచ్చిన బిరుదు.

స్టేషనేమీ స్వర్గం కాదు. మొదటి వారంలో అందరూ కలిసి ఫోటో దిగుతూ కెమెరా నా చేతికిచ్చారు. తీశాను. కాకపోతే అక్కడ తిన్నవాళ్ళు తమ పళ్ళెం తాము కడుక్కుంటారు, తొరాల్ఫ్‌తో సహా. రాత్రి ఎనిమిది దాటితే వంటింటికి సెలవు. నాకో గది ఉంది. మంచం, కుర్చీ, కొక్కెం. ఆ కుర్చీలో కూర్చుని ఏమీ చెయ్యకుండా ఉండటం నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది.

పడవ నడిపే హెర్దిస్ ముప్పై ఏళ్ళ పిల్ల. వారానికోసారి సరుకులు తెస్తుంది. ధ్రువపు ఎలుగుబంట్ల భయానికి తుపాకీ పక్కన పెట్టుకుని, చుక్కాని పట్టుకుని, ఎండకి కళ్ళు చికిలిస్తూ నడుపుతోంది. నీటి మీద తేలే మంచుముక్కలు పడవ పొట్టకి టక్‌టక్‌మని తగులుతున్నాయి.

“ఏంటక్కా, ఇంతేనా నీ సామాను?” అంది నా చిన్న సంచి చూసి. “మిగతావి సరుకుల పడవలో పంపమంటావా?”

“మిగతావెందుకు? మంగళవారం మళ్ళీ నీ పడవే ఎక్కుతాగా.”

హెర్దిస్ తల తిప్పి చూసింది. ఇంజను కాస్త తగ్గించింది.

“మంగళవారమా? శనివారం కొత్త వంటామెని దింపమన్నాడే తొరాల్ఫ్. నువ్వు మానేశావన్నాడు.”

“ఎవరు మానేశారు?”

“నువ్వే. మీ ఆయన నిన్న సాయంత్రం స్టేషన్‌కి ఫోన్ చేశాడట కదా, ఇంట్లో ఇబ్బంది, నువ్విక రావని.” నా ముఖం చూసి ఆగింది. “నీకు తెలీదా?”

నిన్న సాయంత్రం నేను గదిలో బట్టలు మడతపెట్టుకుంటున్నాను. గోడ అవతల ఆఫీసులో ఫోన్ మోగడం విన్నాను. అది నా గురించే అని నాకేం తెలుసు? తొరాల్ఫ్ కౌగిలి, ఆ థాంక్స్, బొంగురుపోయిన గొంతు, అన్నీ ఇప్పుడు అర్థమయ్యాయి. నీటి మీద చిన్న నల్లపక్షులు గుంపుగా లేచి రెక్కలు కొట్టుకుంటూ పోయాయి. హెర్దిస్ ఫ్లాస్కులోంచి కాఫీ వంపి చేతికిచ్చింది.

“తాగక్కా. వణుకుతున్నావు.”

“చలికి” అన్నాను.

“మరే. చలికే” అంది హెర్దిస్, ఇంజను మళ్ళీ పెంచి.

విమానాశ్రయం ఉన్న ఊరి రేవులో దిగగానే తొరాల్ఫ్‌కి ఫోన్ చేశాను. అప్పుడే పడుకున్నట్టున్నాడు.

“మా ఆయన నీకు ఏం చెప్పాడు?”

“ఇంట్లో నీ అవసరం ఉందన్నాడు. నువ్వే మానేద్దామనుకుంటున్నావట, నాకు చెప్పడానికి మొహమాటపడుతున్నావట. చాలా మర్యాదగా మాట్లాడాడు. నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని ఆ మాట నేను ఎత్తలేదు” అన్నాడు.

“ఒక గోడ అవతలే ఉన్నాను కదా తొరాల్ఫ్. నన్నెందుకు అడగలేదు?”

అవతల మంచం కిర్రుమంది, లేచి కూర్చున్నట్టున్నాడు.

“అడగాల్సింది” అన్నాడు.

“కొత్తామెని రావద్దను. మంగళవారం నేను వస్తున్నాను.”

“ఖాయమేనా? అంటే... మీ ఇంట్లో...”

“ఖాయం. ఇకనుంచి నా గురించి ఎవరు ఫోన్ చేసినా, ఫోన్ నాకివ్వు.”

అక్కడితో తిరుగు పడవ ఎక్కేసినా ఎక్కేదాన్నే. హెర్దిస్ కూడా అదే అంది, “ఎక్కు, తీసుకుపోతా” అని. కానీ ఎనభై ఏళ్ళ మనిషి పుట్టినరోజు. ఉప్పూకారం మాటల మనిషే అయినా, నా పెద్దకూతురు నా కడుపులో అడ్డం తిరిగినప్పుడు మంచుతుఫానులో ట్రాక్టర్ ఎక్కి మంత్రసానిని తెచ్చింది ఆవిడే. ఆవిడని చూడాలని ఉంది. వెళ్ళాలనుకున్నది నేను. తిరిగి రావాలనుకున్నదీ నేనే.

విమానంలో కిటికీ పక్క సీటు. అందరూ తెరలు దించుకుని నిద్రపోతున్నారు. ఎండ నా ఒళ్ళో పడుతోంది. కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. కోపానికి ఓపిక కావాలి. ఐవిండ్ దుర్మార్గుడని అనుకుందామన్నా కుదరలేదు. కొట్టలేదు, తాగి రాలేదు, ఎవరితోనూ తిరగలేదు. ఆవు తప్పిపోతే వెతికి తోలుకొచ్చినట్టు నన్ను తోలుకొస్తున్నాడు, అంతే. అందులో తప్పేముందని అతను నిజంగానే అడుగుతాడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పీ చెప్పీ నేను అలిసిపోయాను. వాదించి గెలిచిన రోజుల్లో కూడా, గెలిచాక వంటింట్లోకి వెళ్ళింది నేనే. ఈ అలసట నిద్రపోతే తీరేది కాదని అనుకునేదాన్ని. వయసు అనుకునేదాన్ని, మోకాళ్ళు అనుకునేదాన్ని, ముట్లుడిగే రోజులు అనుకునేదాన్ని. స్టేషన్‌లో పదహారు మందికి వండాను, ఒళ్ళు నొప్పులు వచ్చాయి, పడుకుని లేస్తే పోయాయి. పని వల్ల వచ్చే అలసట అలా ఉంటుందని అప్పుడు తెలిసింది. ఇంట్లో నాకున్నది వేరే ఇంకేదో. అడగకుండా ఎవరో మన జేబులో చెయ్యి పెడుతూ ఉంటే, ఇరవై ఏడేళ్ళు ఆ చెయ్యి అక్కడే ఉంటే, దానికి అలవాటుపడి దాని బరువు కూడా మన బరువే అనుకుంటాం.

నార్వే గడ్డ మీద ట్రోమ్సోలో విమానం మారాను. ట్రోండ్‌హైమ్‌లో దిగి బస్సెక్కాను. ఐవిండ్ సందేశం పెట్టాడు: ‘టెంటు వేయిస్తున్నాను, తీసుకురావడానికి కుదరదు. స్టాపు నుంచి నడిచి వచ్చెయ్.’ గులకరాళ్ళ దారిలో సంచి మోసుకుంటూ ఎక్కాను. కోసిన గడ్డి వాసన వస్తోంది.

వాకిట్లో టెంటు సగం లేచింది. అద్దెకి తెచ్చిన కుర్చీలు గుట్టగా పడున్నాయి. నన్ను చూడగానే ఐవిండ్ ముఖం విప్పారింది. చేతిలో సంచి అందుకోలేదు.

“వచ్చావా, హమ్మయ్య! సాల్మన్ చేపలు తెప్పించాను, శుభ్రం చెయ్యాలి. కేకులు ఇవాళే మొదలెట్టకపోతే రేపటికి అందవు. బట్టలు మార్చుకుని...”

“నేను అత్తయ్య పుట్టినరోజుకి వచ్చాను ఐవిండ్. వంటకి రాలేదు.”

నవ్వాడు. నేను నవ్వలేదని చూసి ఆపాడు.

“అదేంటి? నలభై మంది వస్తున్నారు!”

“ఎవరినైనా పిలిపించు.”

“ఇప్పటికిప్పుడు ఎవరొస్తారు?”

“సముద్రం అవతల మంచుకొండల మధ్య ఉన్న స్టేషన్ నంబరు వెతికి పట్టుకుని ఫోన్ చెయ్యగలిగావు. పక్క ఊళ్ళో వంటవాళ్ళకి చెయ్యలేవా?”

అతని ముఖం ఎర్రబడింది. తాళ్ళు కడుతున్న పక్కింటాయన చేతులు ఆగిపోయాయి.

“నీ మంచికే కదా చేశాను. అక్కడ ఎంత అలిసిపోతున్నావో...”

“నేను అలిసిపోయింది అక్కడ కాదు.”

ఆ మాట నేను గట్టిగా అనలేదు. గట్టిగా అనే ఓపిక లేదు. అతనికి వినపడిందో లేదో కూడా తెలియదు.

అత్తగారు వరండాలో కూర్చుని ఇదంతా చూస్తోంది. దగ్గరికి వెళ్ళి, వంగి, చెంప ఆనించాను. ఆవిడ చేతులు ఎప్పటిలాగే చల్లగా, గరుకుగా ఉన్నాయి.

“నల్లబడ్డావు” అంది.

“రాత్రీ పగలూ ఎండే అత్తయ్యా.”

“మళ్ళీ పోతావా?”

“మంగళవారం.”

“వాడికి తెలుసా?”

“ఇంకా చెప్పలేదు. మీకే ముందు చెబుతున్నా.”

ఆవిడ కళ్ళు పెరటివైపు తిప్పుకుంది. అక్కడ బకెట్లలో ఐసు మీద చేపలున్నాయి, ఈగలు ముసురుతున్నాయి. ఈ ఇంట్లో నాకంటే ముందు ముప్పై ఏళ్ళు చేపలు శుభ్రం చేసింది ఆవిడే.

“పో, పడుకో. ముఖం చూడు, పీక్కుపోయి” అంది.

పైకి వెళ్ళి, బూట్లు విప్పి, బట్టలు కూడా మార్చుకోకుండా మంచం మీద వాలాను. కింద ఐవిండ్ ఫోన్‌లో ఎవరినో బతిమాలుతున్నాడు. తర్వాత అల్మరాల తలుపులు తెరుచుకోవడం, మూసుకోవడం. గిన్నెలు దొర్లిన చప్పుడు. మెట్ల కిందకి వచ్చి నిలబడ్డాడు.

“యోరున్! ఆ పెద్ద దబరా ఎక్కడ పెట్టావ్?”

కింది అల్మరాలో, ఎడమవైపు, జల్లెడ వెనకాల. నిద్రలో అడిగినా చెబుతాను. నోటి దాకా వచ్చింది కూడా. పెదాలు బిగించుకున్నాను.

“యోరున్!”

వరండాలోంచి అత్తగారి గొంతు వినపడింది, ఎప్పటిలాగే చురుక్కుమంటూ.

“దాన్నెందుకు అడుగుతావు? నీ ఇల్లేగా, వెతుక్కో.”

నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.