నూట ముప్పై ఏడు

పొడి తడిసి ఉంటుంది, అంతే, ఈ ఊరి ఉప్పుగాలికి ఏది పొడిగా ఉంటుంది గనక, లేకపోతే రెండు గ్రాముల సుద్దకు ఆసిడ్ పోస్తే గాలిలోకి పోవలసిన బరువు 0.88, పోయింది 0.446, ఇంచుమించు సగం, త్రాసు తప్పయి ఉంటుంది అనుకుంటూ జ్ఞానదాసు నాలుగోసారి ఫ్లాస్కును పళ్లెంలో పెట్టాడు, ముల్లు మళ్లీ అక్కడే నిలబడింది, ముదనష్టపు త్రాసు, అరవై ఏడులో రేవు లేబరేటరీలో చేరింది మొదలు పదకొండేళ్లుగా ఓడలకెక్కే ఇనుప రాయిని దీని మీదే తూస్తున్నాడు, ఒక్కరోజూ అబద్ధం చెప్పలేదు, ఇవాళ ఒక్కసారి చెబితే దీని సొమ్మేం పోయింది.

క్రిస్మస్‌కు వెల్ల వేద్దామని పక్కింటి దాలయ్య రేవులో చిరిగిన సంచి కింద ఊడ్చి తెచ్చిన పొడి, తనూ అతనూ చెరిసగం పంచుకున్నారు, సంచి మీద రాత అరిగిపోయిందట, పురిటికి వచ్చిన తన చెల్లెలు పుష్పకుమారి ఆ డబ్బా పక్కనే కూర్చుంది, నెల తప్పినప్పటి నుంచీ దానికి మట్టీ బలపాలూ కనబడితే ప్రాణం లేచొస్తుంది, అన్నియ్యా, నోరూరిపోతంది, కాసింత తింతాను, ఏటైనా అవుద్దేటి అని అడిగింది, అడక్కుండా తినేసినా బాగుండేది, తను లేబరేటరీ మనిషి కదా, గొప్పగా చిటికెడు పొడి ఇక్కడికి తెచ్చి ఆసిడ్ చుక్క వేశాడు, బుసబుసమని నురగ, ఇంకేం, ఇంటికెళ్లి, సుద్దేనే, నాను సూసేను, తినుకో అన్నాడు, నురగ చూసి పేరు పెట్టకయ్యా, తూచి పెట్టు అని కెమిస్టు గంగాధరరావు గారు ఎన్నిసార్లు తిట్టారు, అరగంట పట్టేది తూచడానికి, అరగంట, మర్నాడు పొద్దున్న చెంచాడు తింది, మధ్యాహ్నానికి వాంతులు, సాయంత్రానికి చెయ్యెత్తలేకపోయింది, అన్నియ్యా, కాళ్లు నాయి కానట్టున్నాయి అంది, ఆస్పత్రిలో కలరా అన్నారు, శుక్రవారం సమాధి చేశారు, కడుపులో బిడ్డతో సహా.

ఇసక కలిసి ఉంటుంది, అవును, ఊడ్చిన పొడి కదా, సగం ఇసకే అయితే సగమే నురగ, లెక్క సరిపోతుంది, ఆశగా ఫ్లాస్కు ఎత్తి కిటికీ వెలుగులో చూశాడు, నీళ్లలా తేటగా ఉంది, అడుగున ఒక్క రేణువు లేదు, మనసు వద్దంటున్నా పెన్సిలు రాస్తూ పోయింది, 0.446 పోవడానికి రెండు గ్రాములైతే నురగలో పోయే కార్బన్ డయాక్సైడు, దాని అణుభారం నలభై నాలుగు, అంత పోవడానికి నూట తొంభై ఏడు, అందులో కార్బన్ పన్నెండు, ఆక్సిజన్ మూడు పదహార్లు నలభై ఎనిమిది, తీసేస్తే మిగిలిన లోహం నూట ముప్పై ఏడు, సుద్దలో కాల్షియమైతే నలభై ఉండాలి, గోడ మీది మూలకాల పట్టికలో నూట ముప్పై ఏడుకు ఎదురుగా బేరియం, అది ఒకటి, కార్బన్ ఒకటి, ఆక్సిజన్ మూడు, బేరియం కార్బొనేటు, ఎలకలకు పెట్టే మందు, మనిషి కడుపులో ఉండేదీ ఆసిడే కదా, అక్కడా ఇలాగే నురగ వచ్చి ఉంటుంది, దేవుడా.

గుమ్మంలో దేవకుమార్, పుష్ప మొగుడు, పొడి తూచి చూడమని అడిగింది అతనే, గడ్డం మాసిపోయి, బావా, ఏటి తేలింది అంటున్నాడు, ఉత్త సుద్దే బావా అంటే చాలు, కలరా అన్న డాక్టరు ఉండనే ఉన్నాడు, కాగితం నలిపేస్తే ఎవడికి తెలుసు, దేవకుమార్ నమ్ముతాడు, పుష్ప నమ్మినట్టే నమ్ముతాడు, దాలయ్యా నమ్ముతాడు, వాళ్ల ఇంట్లో మిగతా సగం పొడి, ముగ్గురు పిల్లలు, మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది, అప్పుడు ఒక్కసారి తూచి ఉంటే పుష్ప బతికుండేది, ఇవాళ నాలుగుసార్లు తూచింది తను బయటపడడం కోసం, పుష్ప కోసం కానే కాదు, అది తెలిసిపోయాక వేసుకోవలసిన లెక్క ఇంకేమీ మిగల్లేదు, సుద్ద కాదు బావా, విషం, నానే తినమన్నాను అన్నాడు జ్ఞానదాసు.