డబ్బాలో అమ్మ

జడే, అంతా ఆ జడ దగ్గరే వచ్చింది, ఒక్కసారి అనండి మేడం, ఒకే ఒక్కసారి, అని ఆ కాలేజీ పిల్ల ఫోను మూతి దగ్గర పెట్టగానే తను మురిసిపోయి జడ సవరించుకుంది, గొంతుకి జడతో పనేమిటి, అయినా సవరించుకుంది, దానికి రెండు చేతులూ కావలసివచ్చాయి, అసౌకర్యానికి చింతిస్తున్నాము అని రాగం తీసింది, చుట్టూ చేరినవాళ్లు పకపకా నవ్వి చప్పట్లు కొట్టారు, కిందికి చూస్తే కూతురు లేదు.

ఎక్కడికి పోతుంది, నాలుగేళ్ల పిల్ల, ఇక్కడే ఉంటుంది, టీ కొట్టు వెనక లేదు, బెంచీల కింద లేదు, పెట్టెలు మోసేవాళ్ల కాళ్ల సందున లేదు, ఎర్ర గౌను, ఒక కాలికే మేజోడు, రెండోది దారిలోనే పీకేసింది, పట్టాల వైపు చూడకూడదు అనుకుంటూనే చూసింది, కంకరా, నూనె మరకలూ, నలిగిన నీళ్ల సీసా, అంతే, అమ్మయ్య అనుకునేలోగా నెత్తిమీది మైకు డబ్బా గొంతు విప్పింది, ప్రయాణికులు దయచేసి గమనించగలరు, తన గొంతే, ఎప్పుడో రికార్డు చేసిపెట్టిన గొంతు, తేనెలో ముంచి తీసినట్టు, రెండో నంబరు ప్లాట్‌ఫారం మీదికి మరికొద్దిసేపట్లో, అబ్బ, నోరు ముయ్యవే అని తనని తనే తిట్టుకుంది, ఇక్కడ పిల్ల కనబడక చస్తుంటే అక్కడ తీరిగ్గా బండొస్తోందని చెబుతోంది మహాతల్లి.

బాబాయిగారూ, ఎర్ర గౌను పాప, ఇంత ఉంటుంది, చూశారా అని అడిగితే ఆ పెద్దాయన ఆమె మొహంలోకి కళ్లు చికిలించి, నువ్వు ఆ స్టేషనమ్మాయివే కదూ, ఒసేవ్ ఇటు రా, ఈవిడేనే, అని పెళ్లాన్ని కేకేశాడు, నా బిడ్డ తప్పిపోయిందండీ అంటే, ఆహా, అచ్చం మైకులోలాగే అంటోంది వినండి అని ఆ భార్యామణి బుగ్గన చెయ్యి పెట్టుకుంది, ఏం చేస్తారు పాపం, ఇన్నేళ్లుగా వినీ వినీ జనం మాట వదిలేసి గొంతొక్కటే వింటున్నారు, అలాగని గొంతుని తిట్టడానికీ లేదు, దీన్ని వినే కదా, ఇందాక వెళ్లి చెప్పుకోగానే స్టేషను పోలీసాయన, తనకన్నా ముందొచ్చి నిలబడ్డ ముసలమ్మ గోడు మధ్యలో ఆపి, మేడం మీరా, అని లేచి గేట్ల దగ్గరికి పరిగెత్తింది, సంచి పోయిందన్న ఆ ముసలమ్మ తనవైపు చూసిన చూపు వీపులో ఇంకా గుచ్చుకుంటూనే ఉంది, దీనికే కదా స్కూల్లో పిల్లకి సీటు దొరికింది, దీనికే కదా కూరగాయలామె కొసరు వేసేది, మరి దీనికే కదా తను ఇంట్లో నోరు కట్టేసుకుంది.

మా కోడలి గొంతు ఊరందరికీ పంచదార, మా కొంపకి మాత్రం సైగలు, అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెబుతుంది, అబద్ధమా, గొంతు అరిగిపోతే ఎవడు పిలుస్తాడని వేన్నీళ్లు తాగడం, మఫ్లరు చుట్టుకోవడం, తలుపు మీద రెండు దెబ్బలు కొడితే అన్నానికి రమ్మని, చిటికె వేస్తే స్నానానికి, పెదవి మీద వేలు పెడితే పడుకోమని, బంగారు తల్లి అన్నీ నేర్చుకుంది, ఒక్కరోజు పేచీ పెట్టలేదు, ఇవాళే పెట్టింది, కొత్త రికార్డింగు ఉంది, నువ్వెందుకే అంటే, నేనూ వస్తా, నువ్వు మాట్లాడే చోటికి వస్తా అని కొంగు వదల్లేదు, మెట్లెక్కుతుండగా మొదటి డబ్బా మోగితే మెడ విరిగేలా పైకి చూసి, అమ్మా, నువ్వు అందులో ఎప్పుడు దూరావు అని అడిగింది, తను పెదవి మీద వేలు పెట్టింది.

డబ్బా.

దూరంగా మరో స్తంభం మీద మోగుతోంది, ఆ తర్వాత ఇంకో స్తంభం, పిల్ల తప్పిపోలేదు, పిలుపు వెంట పోతోంది, ఒక్కో డబ్బా కిందికీ పోయి అమ్మ దిగుతుందని చూస్తోంది, ఆ వరస సరిగ్గా ప్లాట్‌ఫారం చివరిదాకా, గచ్చు అయిపోయి కంకర మొదలయ్యేదాకా పోతుంది, దేవుడా, మైకు గదిలోకి దూసుకుపోయి ఆపండి దాన్ని అంది, మేడం, బండొస్తోంది, ఆపితే నా ఉద్యోగం పోతుంది అని గుమాస్తా అడ్డం పడ్డాడు, అతని చెయ్యి తోసేసి మీట నొక్కింది, స్టేషనంతా నీళ్లలో మునిగినట్టు నిశ్శబ్దం, మైకు దగ్గరికి లాక్కుంది, ఒసేయ్ బుడంకాయా, ఎక్కడున్నావే, అక్కడే ఆగవే, కదలకే, ఆ గొంతులో తేనె లేదు, రేకు మీద మేకు గీసినట్టుంది, కిటికీ బయట ఎవరో కిసుక్కున నవ్వారు, నవ్వనీ, ఆగవే తల్లీ, చివరి మాట చీలిపోయింది, అప్పుడు కనిపించాడు, ప్లాట్‌ఫారం కొసన పోలీసాయన టోపీ తీసి ఊపుతూ.

ఎలా పరిగెత్తిందో, పక్కనుంచి బండి ఎప్పుడు దూసుకొచ్చిందో తెలియదు, చివరి స్తంభాన్ని వాటేసుకుని ఎక్కిళ్లు పెడుతోంది పిల్ల, పిలిచాను కదే, వినబడలేదా అని గుండెలకి హత్తుకుంటే, వినబడింది, ఎవరో అరుస్తున్నారనుకున్నా అంది, పైన డబ్బాని చూపించి, ఆ అమ్మని ఎందుకాపేశారు, బాగా మాట్లాడుతోంది కదా, దొరికేసేదే అంది, మేడం పాప దొరికిందా, అందరం కలిసి ఒక్క ఫొటో అని వెనక ఎవరో, ఆమె తిరగలేదు, ఊరూరా గుర్తుపట్టే గొంతుని గుర్తుపట్టలేనిది తన కడుపున పుట్టినదొక్కతే, తప్పు దానిది కాదు, అది విన్నదెప్పుడు గనక, ఆకలేస్తోందా అని అడిగింది, గీరుకుపోయిన గొంతుతో, ఏ తలుపూ కొట్టకుండా, పిల్ల ఏడుపు ఆపి ఆమె నోటివంక వింతగా చూసింది, ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందా అన్నట్టు.